హోమీ భాభా – కణ భౌతికశాస్త్రమూ, కళావ్యాసంగమూ

గత విద్యా సంవత్సరాంతమున మా ప్రయోగశాలలో రికార్డు పుస్తకాలు దిద్దుతుండగా ఒక పుస్తకం వద్ద మా చేయి ఆగింది. స్పెక్ట్రోమీటరు పటాన్ని అందరివలె నాలుగు గీతలతో సరిపెట్టక, ఇత్తడి గొట్టంపై కిటికీ వెలుతురు పడి మెరిసే తీరును సైతం పెన్సిలుతో తెచ్చాడు ఆ విద్యార్థి. పిలిచి అడిగాము. "ఇప్పుడు బొమ్మలు వేయడం లేదు సార్. డిగ్రీ పూర్తయేదాకా మానుకోమని అబ్బా అన్నారు" అన్నాడు. ఆ తండ్రిని తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు. ముగ్గురు పిల్లలను చిన్న దుకాణం మీద చదివిస్తున్న మనిషి ఆయన. కాని ఆ కుర్రవానికి చెప్పవలసిన మాట ఒకటి ఉండి కూడ ఆనాడు మేము చెప్పలేదు. పుస్తకంపై సంతకం చేసి పంపివేశాము. ఆ బాకీ ఈ వ్యాసంతో తీర్చుకోదలచాము.

హోమీ జహంగీర్ భాభా పేరు వినని విద్యార్థి మనలో ఉండడు. అయితే పాఠ్యపుస్తకాలు ఆయనను భారత అణుశక్తి కార్యక్రమానికి పితామహుడని చెప్పి ఊరుకుంటాయి. రియాక్టర్లు, కమిషన్లు, బిరుదులు మాత్రమే మనకు గుర్తుంటాయి. వాటన్నిటికంటె ముందు ఆయన కణ భౌతికశాస్త్రజ్ఞుడనీ, అంతకంటె ముందే చిత్రకారుడనీ తెలిసినవారు తక్కువ.

భాభా 1909 అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ భాభా న్యాయవాది. మేనత్త మెహర్‌బాయి సర్ దొరాబ్జీ టాటా సతీమణి. ఇంట మంచి గ్రంథాలయం, పాశ్చాత్య సంగీతపు గ్రామఫోను రికార్డులు ఉండేవి. బిథోవెన్, మొజార్ట్‌ల స్వరకల్పనలు వింటూ పెరిగిన ఆ బాలుడు జహంగీర్ లాల్‌కాలా అనే చిత్రకారుని వద్ద చిత్రలేఖనం అభ్యసించాడు. ఇంకా మీసం రాని వయసులోనే బొంబాయి ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతులు లభించాయి. పదహారేండ్లకు ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని స్వయంగా చదువుకున్నాడని చెబుతారు. ఇంతటి వసతి, ఇంతటి బంధుబలగం మన విద్యార్థులలో ఎవరికీ లేవు. ఈ మాట ముందే ఒప్పుకొని ముందుకు సాగడం న్యాయం. భాభా జీవితంలో డబ్బు చేసిన పని చాలా ఉన్నది. డబ్బు చేయలేని పని కూడ కొంత ఉన్నది. మేము చెప్పదలచినది ఆ రెండవదానిని గురించి.

1927లో ఆయనను కేంబ్రిడ్జికి పంపినప్పుడు పెద్దల ఉద్దేశం స్పష్టంగా ఉండెను. ఇంజనీరింగు చదవాలి, తిరిగివచ్చి జంషెడ్‌పూరులోని టాటా ఉక్కు కర్మాగారంలో చేరాలి. గాన్‌విల్ అండ్ కీజ్ కళాశాలలో యంత్రశాస్త్రం చదువనారంభించిన యువకునికి ఏడాది తిరిగేసరికి తన మనస్సు ఎక్కడ ఉన్నదో తెలిసిపోయింది. 1928లో తండ్రికి ఒక జాబు వ్రాశాడు. వ్యాపారమో, ఇంజనీరు ఉద్యోగమో తన స్వభావానికి సరిపడవనీ, భౌతికశాస్త్రమే తన మార్గమనీ, అందులో గొప్ప పని చేయగలనన్న నమ్మకం తనకున్నదనీ ఆ జాబు సారాంశం. సైన్సు గొప్పది కనుక నీవు శాస్త్రజ్ఞుడవు కావాలని బిథోవెన్‌తో చెప్పి ఏమి ప్రయోజనం అని అందులో ఆయన తండ్రిని అడిగాడు. చిన్ననాడు ఇంట విన్న రికార్డులు ఈ విధంగా అక్కరకు వచ్చాయన్నమాట!

ఇక్కడ మాకు తండ్రి ప్రవర్తన కూడ ముచ్చట గొలుపుతుంది. ఆయన కోపించలేదు, అట్లని వెంటనే ఒప్పుకోనూ లేదు. చేపట్టిన ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ శ్రేణి సాధించు, పిమ్మట గణితం చదువుకోవడానికి మరి రెండేండ్లు డబ్బు పంపుతానని ఒడంబడిక చేశాడు. 1930లో కుమారుడు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. తండ్రి మాట నిలుపుకున్నాడు. 1932లో గణితపు ట్రైపోస్‌లోనూ ప్రథమ శ్రేణి వచ్చింది. ఇష్టం లేని చదువును సగంలో విడిచిపెట్టకుండ చక్కగా ముగించడం వలన ఆయనకు నష్టమేమీ కలుగలేదు. తరువాతి కాలంలో ప్రయోగశాలలు, భవనాలు, యంత్రాలు నిర్మింపజేయవలసి వచ్చినప్పుడు ఆ విద్య ఆయన వెంటనే ఉన్నది.

1932వ సంవత్సరం కణశాస్త్రానికి పండుగ వంటిది. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో చాడ్విక్ న్యూట్రానును కనుగొన్నాడు. అక్కడే కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లు యంత్రసహాయంతో వేగవంతం చేసిన కణాలతో పరమాణు కేంద్రకాన్ని చీల్చారు. అమెరికాలో ఆండర్సన్ పాజిట్రానును, అనగా ధనావేశం గల ఎలక్ట్రానును, విశ్వకిరణాలలో చూచాడు. దాని ఉనికిని సమీకరణాలలో ముందే సూచించిన డిరాక్ కేంబ్రిడ్జిలో భాభాకు పాఠాలు చెప్పిన గురువే. ఆ వాతావరణంలో ఉన్న యువకుడు కణాల వెంట పడకుండ ఉండడం కష్టం. 1933లో తొలి పరిశోధన పత్రం వెలువడింది. పర్యటన వేతనాల సహాయంతో జూరిచ్‌లో పౌలీ వద్ద, రోములో ఫెర్మీ వద్ద, కోపెన్‌హాగెన్‌లో బోర్ వద్ద కొంత కాలం గడిపాడు. 1935లో డాక్టరేటు పొందాడు.

ఆ దశాబ్దంలో ఆయన చేసిన పనులలో మూడింటిని మన విద్యార్థులకు సాధ్యమైనంత తేలికగా వివరిస్తాము.

ఒక ఎలక్ట్రాను, ఒక పాజిట్రాను ఎదురుపడినవని అనుకుందాము. అవి ఒకదానినొకటి ప్రక్కకు లాగి చెరియొక దారిన పోవచ్చును. లేదా రెండూ కలిసి నశించి, వెలువడిన శక్తినుండి మరొక ఎలక్ట్రాను–పాజిట్రాను జంట పుట్టవచ్చును. బయటనుండి చూచేవానికి రెండు సందర్భాలలోనూ కనిపించేది ఒక్కటే: ఒక ఎలక్ట్రాను, ఒక పాజిట్రాను వెళ్ళిపోతున్నవి. ఏ దారిన జరిగిందో చెప్పలేనప్పుడు రెండు దారులనూ కలిపి లెక్కించాలని క్వాంటం సిద్ధాంతం శాసిస్తుంది. భాభా ఆ లెక్క చేసి, 1936లో ప్రచురించారు. నేడు దానిని భాభా పరిక్షేపణమని ప్రపంచమంతా పిలుస్తున్నది. ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించే మహాయంత్రాలలో తాకిళ్ళు ఎంత తరచుగా జరుగుతున్నవో కొలవడానికి నేటికీ ఆ సూత్రమే కొలబద్ద. జెనీవా వద్ద 1989 నుండి 2000 వరకు పనిచేసిన పెద్ద కొలైడరులోనూ ఈ కొలతే వాడారు.

రెండవది విశ్వకిరణాల జల్లు. ఆకాశంనుండి వచ్చే కణాలు సీసపు పలకను తాకినప్పుడు ఒక్కసారిగా అనేక కణాలు జల్లువలె వెలువడడం ప్రయోగశీలురు చూచారు. ఒక్క దెబ్బకు ఇన్ని కణాలు ఎక్కడివి? 1937లో భాభా, హైట్లర్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి దీనికి సమాధానం చెప్పారు. వేగంగా వచ్చే ఎలక్ట్రాను ఒక కేంద్రకం సమీపాన పోయేటప్పుడు తన శక్తిలో కొంత కాంతికణంగా విడిచిపెడుతుంది. ఆ కాంతికణం మరికొంత దూరం పోయి ఎలక్ట్రాను–పాజిట్రాను జంటగా మారుతుంది. అవి మళ్ళీ కాంతికణాలను విడుస్తాయి. సీసంలో సుమారు అర సెంటీమీటరుకు ఒక తరం చొప్పున ఈ సంతతి పెరుగుతుంది. మన పల్లెలలో నూరెకరాల ఆసామి భూమి కొడుకులకు, మనుమలకు, మునిమనుమలకు పంపకమై, చివరకు ఎవరి వాటాలోనూ సేద్యం సాగనంత చిన్న తునకలైన తీరు చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. తరతరానికి వాటాదారుల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్కరి ఆస్తి తరుగుతుంది, చివరకు పంచడానికేమీ మిగలక పంపకం ఆగిపోతుంది. జల్లు కూడ అట్లే పెరిగి, అట్లే ఆగిపోతుంది.

ఈ లెక్కకు మరొక ఫలం కలదు. ఎలక్ట్రాన్ల ఆస్తి కొన్ని సెంటీమీటర్ల సీసంలోనే కరిగిపోవాలి. మరి ఎంతో మందమైన సీసాన్ని సైతం దాటిపోయే విశ్వకిరణాలు ఏమిటి? అవి ఎలక్ట్రాన్లు కావు, వాటికంటె బరువైన వేరొక జాతి కణాలన్న నిర్ణయానికి ఈ విధంగా బలం చేకూరింది. ఆ కణాన్నే నేడు మ్యూవాను అంటున్నాము.

మూడవది ఈ బరువు కణాల ఆయుర్దాయానికి సంబంధించినది. సాపేక్షతా సిద్ధాంతాన్ని అనుసరించి, వేగంగా పోయే అస్థిర కణం నిలకడగా ఉన్నదానికంటె ఎక్కువ కాలం బ్రతకాలని 1938లో భాభా సూచించారు. మ్యూవాను సగటు ఆయువు సెకనులో పది లక్షల వంతులు చేసి అందులో రెండింటికంటె కొంచెం ఎక్కువ. ఆ వ్యవధిలో కాంతి అయినా 660 మీటర్లే పోగలదు. కాని పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుట్టిన మ్యూవాన్లు మనవరకు వస్తూనే ఉన్నవి. ఈ వ్యాసం చదువుతున్న పాఠకుని అరచేతిగుండా కూడ ప్రతి నిమిషం కొన్ని పోతున్నవి. పదహారవ ఏట ఇంట చదివిన సాపేక్షతా సిద్ధాంతానికి ఆకాశంనుండి సాక్ష్యం ఎట్లా దొరుకుతుందో ఆయన చూపించాడన్నమాట. 1941లో అమెరికాలో రోసీ, హాల్ చేసిన ప్రయోగం ఆ సాక్ష్యాన్ని కొలిచి చూపింది.

ఒక చిన్న విషయం, ముఖ్యంగా భాషాశాఖల వారికి. ఈ కొత్త కణాన్ని మొదట 'మెసోట్రాన్' అన్నారు. 1939లో భాభా ఆక్షేపించారు. మధ్యమమని అర్థమిచ్చే గ్రీకు పదం 'మెసోస్'లో 'ట్ర' అనే అక్షరం లేదు. ఎలక్ట్రాను, న్యూట్రాను అనే మాటలలో అది ధాతువుకు చెందినది గాని ప్రత్యయం కాదు. కనుక 'మెసాన్' అనడమే సాధువని ఆయన వాదం. పేరు నిలిచింది. విచిత్రమేమంటే మ్యూవాను మెసానుల కోవకు చెందదని తరువాత తేలింది. పేరు వేరే కణాల కుటుంబానికి దక్కింది.

ఇన్ని లెక్కలు చేస్తున్న ఆ సంవత్సరాలలోనే కేంబ్రిడ్జి విద్యార్థుల నాటకాలకు భాభా రంగాలంకరణ రూపొందించేవారు. కాల్డెరాన్ నాటకానికీ, మొజార్ట్ సంగీతరూపకం 'ఇడోమెనియో'కూ ఆయన గీసిన రంగస్థల రూపకల్పనలు ప్రసిద్ధమైనవి. సంగీతకచేరీలు, చిత్రశాలలు సరేసరి. దీనికి సమయం ఎక్కడిదని మనవంటివారికి సందేహం కలుగుతుంది. జీవితపు పొడవును పెంచుకోవడం మన చేతిలో లేదు గనుక దాని గాఢతను పెంచుకోవాలనీ, కళ, సంగీతం, కవిత్వం, తాను చేసే సమస్తమూ ఆ ఒక్క ప్రయోజనానికేననీ ఆయన ఒక జాబులో వ్రాసుకున్నారు. అంటే చిత్రలేఖనం ఆయనకు అలసట తీర్చుకునే కాలక్షేపం కాదు. లెక్క చేసే మనస్సే బొమ్మ వేసేది.

1939లో సెలవులకు స్వదేశం వచ్చిన భాభా, యుద్ధం ఆరంభం కావడంతో తిరిగి వెళ్ళలేకపోయారు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రీడరు పదవి స్వీకరించారు. అక్కడ భౌతికశాస్త్రపు పెద్ద సి.వి. రామన్. 1941లో, ముప్పది యొకటవ ఏట, భాభా రాయల్ సొసైటీ సభ్యుడైనారు. అదే సంవత్సరం ఒక విజ్ఞానసభలో రామన్ ఆయనను పరిచయం చేస్తూ సంగీతప్రియుడు, చిత్రకారుడు, ఇంజనీరు, శాస్త్రజ్ఞుడు అని వరుసగా చెప్పి లియొనార్డో డావించీతో పోల్చారు. పొగడ్తలు అరుదుగా పలికే రామన్ నోట వచ్చిన మాట అది! వరుసలో సంగీతం మొదటను, సైన్సు చివరను రావడం కూడ గమనింపదగినదే. భారతీయ శిల్పం, నృత్యం ఆయన మనస్సుకు దగ్గరైనది ఈ బెంగుళూరు కాలంలోనే. విక్రమ్ సారాభాయి, ఆయనను వివాహమాడిన నర్తకి మృణాళిని ఆయన స్నేహితులు. ఆ యుద్ధకాలంలోనే బెంగుళూరుకు వచ్చిన అమెరికన్ సైనిక విమానాలలో గైగర్ గొట్టాలు అమర్చి, పై ఆకాశంలో విశ్వకిరణాలను కొలిపించారు.

1944 మార్చిలో దొరాబ్జీ టాటా ట్రస్టుకు వ్రాసిన జాబు ఫలితంగా 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఏర్పడింది. మొదట బెంగుళూరులో, కొద్ది నెలలకే బొంబాయిలో, ఆయన పుట్టిన కెనిల్వర్త్ భవనంలోనే దాని పని సాగింది. ఇక్కడినుండి ఆయన కథ అందరికీ తెలిసినదే. అందరూ చెప్పనిది ఒకటున్నది. సంస్థలు పెరిగినకొద్దీ స్వంత పరిశోధనకు కాలం తరిగింది. 1950 దశకపు తొలి సంవత్సరాల తరువాత ఆయన పరిశోధన పత్రాలు దాదాపు కనిపించవు. దేశం ఒక కార్యదక్షుణ్ణి సంపాదించుకున్నది, కణశాస్త్రం ఒక పరిశోధకుణ్ణి కోల్పోయినది. ఈ బేరంలో లాభమెంతో నష్టమెంతో తేల్చడం మావల్ల కాదు. 1966 జనవరి 24వ తేదీన వియన్నాకు వెళుతూ, ఆల్ప్స్ పర్వతాలలోని మాంట్ బ్లాంక్ వద్ద విమాన ప్రమాదంలో ఆయన మరణించేనాటికి వయసు యాభైయారు మాత్రమే.

ఆయన విడిచిన పనిని ఇతరులు అందుకొన్నారు. తెలుగు మాట వినిపించే కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున, టాటా సంస్థవారు విదేశీ మిత్రులతో కలిసి 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. దక్షిణాఫ్రికా గనిలో మరొక బృందం అదే ఏట ఈ విజయం సాధించింది. మన హైదరాబాదుకూ ఇందులో వాటా కలదు. భాభా కాలంలో మొదలైన బెలూన్ పరిశోధనలకు 1969లో ఇక్కడ శాశ్వత కేంద్రం నెలకొన్నది. భూమి అయస్కాంత మధ్యరేఖకు మనం దగ్గరగా ఉండడంవలన తక్కువ శక్తి గల విశ్వకిరణాలు మన ఆకాశంలోకి చొరబడలేవు. అందుచేత ఇక్కడి కొలతలకు రొద తక్కువ. చుట్టూ నేల ఉన్నందున దిగిన పరికరాలు సముద్రం పాలు కావు. పొలంలో దిగిన తెల్లని గుడ్డనూ పెట్టెనూ చూచి గ్రామస్థులు కలవరపడిన వార్తలు పత్రికలలో అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. అట్లే భాభా బృందంలో ఎలక్ట్రానిక్ పరికరాల నిర్మాణ బాధ్యత వహించిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్.కు తొలి సారథి అయినారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. ఏ.ఎస్. రావు నగర్ బస్సు ఎక్కే మన విద్యార్థులలో ఎందరికి ఆ పేరు వెనుక మనిషి తెలుసునో!

ఇక ఆయన కళావ్యాసంగం మాట. పరిపాలన మూలంగా పరిశోధన తగ్గినా ఇది తగ్గలేదు. భవనాలు, తోటలు, గోడలు దీనికి క్షేత్రాలైనాయి. కొలాబా సముద్రతీరాన టాటా సంస్థ కొత్త భవనానికి 1954లో శంకుస్థాపన జరిగింది, 1962లో నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. ఆ ఎనిమిదేండ్లలో గదుల కొలతలు మొదలు తోటలో పచ్చిక అంచుల వంపు వరకు భాభా దృష్టికి రానిది లేదు. దారికి అడ్డమని నరకవలసిన పెద్ద చెట్లను వేళ్ళతో సహా పెకలించి మరొకచోట నాటించేవారు. అది ఖర్చుతో కూడిన పనియే. ఆయన దానిని దుబారా అనుకోలేదు.

భవన నిర్మాణపు ఖర్చులో నూటికి ఒక పాలు కళాకృతుల కొనుగోలుకు వినియోగించడానికి ఆయన ప్రభుత్వంచేత అంగీకరింపజేశారు. ఆనాడు పేరు రాని యువ చిత్రకారుల ప్రదర్శనలకు స్వయంగా వెళ్ళి ఎంచి కొనేవారు. హుస్సేన్, గాయితోండే, ఆరా మొదలైనవారి చిత్రాలు ఆ విధంగా శాస్త్రజ్ఞులు నడిచే వసారాలలోకి వచ్చాయి. ప్రవేశమందిరపు గోడపై హుస్సేన్ వేసిన పెద్ద కుడ్యచిత్రం ఉన్నది. లెక్క తెగక వసారాలో పచార్లు చేసే పరిశోధకునికి ఏదో ఒక మంచి చిత్రం ఎదురుపడాలన్నది దీని వెనుక భావమని మా ఊహ. మలబారు హిల్‌పై ఆయన నివసించిన 'మెహ్‌రంగీర్' భవనం 2014లో 372 కోట్ల రూపాయలకు వేలంలో అమ్ముడుపోయింది, తరువాత దానిని పడగొట్టారు. టాటా సంస్థ గోడల మీది చిత్రాలు మాత్రం ఉన్నాయి.

కళాశాల కమిటీ పెద్దలు ఈ సంచికను, అటునుండి ఉర్దూ పుటలనూ ఇటునుండి తెలుగు పుటలనూ, చదువుతారని ఎరిగి ఒక మనవి చేసుకుంటున్నాము. కొత్త తరగతి గదుల అంచనాలో నూటికి ఒక పాలు అడిగే సాహసం మాకు లేదు. ఫీజు కట్టలేని పిల్లలు ఎందరున్నారో మాకు తెలియనిది కాదు. కాని ప్రయోగశాలకు పోయే మెట్ల ప్రక్క గోడ ఒకటి సున్నం వేసి ఖాళీగా ఉన్నది. సైకిలు షెడ్డు కోసం కొట్టివేయాలన్న వేపచెట్టు కిటికీలోనుండి ఆ గోడమీద నీడ వేస్తుంది. పైన చెప్పిన రికార్డు పుస్తకపు విద్యార్థి వచ్చే జూన్‌లో మూడవ సంవత్సరంలోకి వస్తాడు. రంగులకు ఎంత అవుతుందో కనుక్కున్నాము. ఆ మొత్తం మా శాఖ అధ్యాపకులే సమకూర్చగలరు. అతని తండ్రిగారిని ఒకసారి కళాశాలకు పిలిచి, ప్రథమ శ్రేణి మాట కూడ ఎత్తి, మాట్లాడదలచాము. గోడకు మాత్రం కమిటీవారి అనుమతి కావాలి.